చర్చి యువత సేవాయాత్రలు, గ్రామీణ గృహాల మరమ్మతు: అపలాచియా అనుభవం

గత పాఠంలో స్వచ్ఛంద సేవకు సామాజిక శాస్త్రవేత్తలు ఇచ్చిన నిర్వచనాలు చదివారు. నిర్వచనం కంఠస్థం అయినంత మాత్రాన విషయం అర్థమైనట్లు కాదు. అది నేల మీద ఎలా జరుగుతుందో చూడాలి. అందుకని ఈ పాఠంలో ఒకే ఒక ఉదాహరణ తీసుకుని, దాన్ని కొంచెం నిదానంగా పరిశీలిద్దాం.

అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో ప్రతి వేసవిలో వేలాదిమంది హైస్కూలు పిల్లలు తమ చర్చి తరఫున బృందాలుగా బయలుదేరి, పేద గ్రామీణ ప్రాంతాలకు వెళ్తారు. అక్కడి ఇళ్లకు కప్పులు వేస్తారు, కుళ్లిన నేలపలకలు మారుస్తారు, వృద్ధులకు చక్రాల కుర్చీ ఎక్కే వాలుదారి కడతారు. ఒక బృందం సాధారణంగా ఒక వారం ఉండి వెళ్లిపోతుంది. దీన్ని వారు 'మిషన్ ట్రిప్' అంటారు.

'మిషన్' అనే మాట మనకు కొత్త కాదు. మిషన్ ఆసుపత్రి, మిషన్ స్కూలు, మిషన్ కాంపౌండు అని మన ఊళ్లలో ఇప్పటికీ అంటారు. ఆ మాట వినగానే మనకు గుర్తొచ్చేది సముద్రాలు దాటి వచ్చి, భాష నేర్చుకుని, పదుల సంవత్సరాలు ఇక్కడే ఉండిపోయిన మనుషులు. ఇక్కడ మనం చదవబోయేది దానికి చాలా భిన్నం. వెళ్లేది సొంత దేశంలోనే, ఉండేది వారమే, చేతిలో ఉండేది సుత్తి. ఉదయం ప్రార్థన, సాయంత్రం భజన, సాక్ష్యం ఉంటాయి. కాని పగలంతా వడ్రంగి పనే. సహాయం పొందే కుటుంబం ఏ చర్చికి చెందినదో, అసలు చర్చికి వెళ్తుందో లేదో చాలా సంస్థలు అడగవు.

ఈ ఉదాహరణను ఎంచుకోవడానికి కారణం ఉంది. మీలో చాలామంది రేపు సచివాలయాల్లో, స్వచ్ఛంద సంస్థల్లో, అంగన్‌వాడీ పర్యవేక్షణలో, పాఠశాలల్లో పనిచేస్తారు. ఇప్పటికే చేస్తున్నవారూ ఉన్నారు. ఎవరికి సహాయం అందాలి, ఏది ముందు చేయాలి, సహాయం పొందిన మనిషి తలవంచుకోవలసిన అవసరం లేకుండా ఎలా చేయాలి అనే ప్రశ్నలు మీ టేబుల్ మీదికి వస్తాయి. ఆ ప్రశ్నలన్నీ ఈ చిన్న వేసవి యాత్రలో కనిపిస్తాయి.

పని శిబిరం ఎక్కడ పుట్టింది?

చేతిపనిని సేవగా చేసే శిబిరాలు చర్చి యువజన సంఘాలతో మొదలైనవి కావు. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక, 1920లో పియర్ సెరెసోల్ అనే స్విట్జర్లాండ్ శాంతివాది ఫ్రాన్సులోని వెర్డన్ దగ్గర యుద్ధంలో నేలమట్టమైన ఎన్ అనే గ్రామంలో ఒక శిబిరం ఏర్పాటు చేశాడు. నిన్నటిదాకా శత్రుదేశాలుగా ఉన్నవాటి నుంచి వచ్చిన మనుషులు అక్కడ కలిసి తాత్కాలిక గృహాలు కట్టారు, రోడ్డు బాగుచేశారు. తరువాతి కాలంలో 'సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్'గా ఎదిగిన ఉద్యమానికి ఇదే ఆరంభం. ఈ సెరెసోల్‌కు మన దేశంతో సంబంధం ఉంది. 1934 జనవరిలో బీహారులో భూకంపం వచ్చినప్పుడు ఆయన కొద్దిమంది సహచరులతో వచ్చి గ్రామాల పునర్నిర్మాణంలో పనిచేశాడు. అదే 1934లో అమెరికాలో క్వేకర్ల సేవాసంస్థ పెన్సిల్వేనియా బొగ్గుగనుల ప్రాంతంలో యువకుల పని శిబిరాన్ని నడిపింది. బొగ్గుగనుల ప్రాంతం అన్న మాట గుర్తుపెట్టుకోండి. మన కథ మళ్లీ అక్కడికే వెళ్తుంది.

కొండల్లో ఇళ్లు ఎందుకు పాడయ్యాయి?

అపలాచియా అనేది అమెరికా తూర్పు భాగంలో న్యూయార్క్ రాష్ట్రపు దక్షిణ అంచు నుంచి మిసిసిపీ ఉత్తరభాగం దాకా సాగే కొండ ప్రాంతం. ప్రభుత్వ లెక్కలో 13 రాష్ట్రాల్లోని భాగాలు ఇందులోకి వస్తాయి. పశ్చిమ వర్జీనియా ఒక్కటే పూర్తిగా ఈ ప్రాంతంలో ఉన్న రాష్ట్రం. 1960 నాటికి ఇక్కడ దాదాపు ముగ్గురిలో ఒకరు పేదరికంలో ఉన్నారు. ప్రపంచంలోకెల్లా సంపన్న దేశమనుకునే చోట ఇది ఎలా సాధ్యమైంది?

బొగ్గు లేకపోవడం వల్ల కాదు, ఉండడం వల్ల. పంతొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కంపెనీల ఏజెంట్లు కొండల్లో తిరిగి, రైతుల దగ్గర భూమి అడుగున ఉన్న ఖనిజాల మీద హక్కు కొనుక్కున్నారు. పైభాగం రైతుదే, లోపలిది కంపెనీది. కెంటకీలో ఈ ఒప్పంద పత్రాన్ని 'బ్రాడ్ ఫామ్ డీడ్' అనేవారు. ఖనిజం తీయడానికి అవసరమైనదేదైనా చేసుకునే హక్కును ఆ పత్రం కంపెనీకి ఇచ్చింది. ఆ రైతులు సొరంగం తవ్వి బొగ్గు తీస్తారనుకుని సంతకం పెట్టారు. అర్ధశతాబ్దం తరువాత భారీ యంత్రాలు వచ్చి, పైన ఉన్న చేను, చెట్లు అన్నీ ఒలిచేసి బొగ్గు తీశాయి. న్యాయస్థానాలు చాలాకాలం కంపెనీల పక్షానే నిలిచాయి. 1988లో కెంటకీ ఓటర్లు రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించి దీనికి అడ్డుకట్ట వేశారు. ఏజెన్సీ ప్రాంతాల్లో భూమి హక్కు, ఖనిజపు హక్కు మధ్య తగాదా చూసినవారికి ఈ సంగతి వేరే వివరించనక్కర్లేదు.

గని నడిచినన్నాళ్లు కంపెనీ ఇల్లు, కంపెనీ దుకాణం, జీతంలో కొంత ఆ దుకాణంలోనే చెల్లే కంపెనీ టోకెన్లు ఉండేవి. రెండో ప్రపంచయుద్ధం తరువాత గనుల్లో యంత్రాలు పెరిగి కూలీల అవసరం తగ్గింది. లక్షలాదిమంది డెట్రాయిట్, సిన్సినాటి, షికాగో కర్మాగారాలకు వలసపోయారు. కొండల్లో మిగిలినవారిలో వృద్ధులు, గని దుమ్ముతో ఊపిరితిత్తులు చెడినవారు, దెబ్బతిని పనిచేయలేనివారు ఎక్కువ. హ్యారీ కాడిల్ అనే కెంటకీ న్యాయవాది ఈ చరిత్రను 'నైట్ కమ్స్ టు ది కంబర్లాండ్స్' అనే పుస్తకంగా 1963లో ప్రచురించాడు. 1964 ఏప్రిల్‌లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ కెంటకీలోని ఐనెజ్ దగ్గర ఒక పేద కుటుంబం ఇంటి వరండాలో కూర్చున్న ఫొటోలు దేశమంతా చూసింది. మరుసటి ఏడాది అపలాచియా ప్రాంతీయ కమిషన్ ఏర్పడింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని సరిగా అర్థం చేసుకోవాలి. పట్టణ పేదలకు అద్దె సమస్య. ఈ కొండల్లో చాలా కుటుంబాలకు ఇల్లు సొంతమే. తండ్రో తాతో కట్టింది. కాని దాన్ని నిలబెట్టుకునే డబ్బు చేతిలో లేదు. నెలకు వచ్చే పింఛనులో మందులు, కరెంటు, తిండి పోగా కప్పు మీద రేకులు మార్చడానికి ఏమీ మిగలదు. బ్యాంకు అప్పివ్వదు, ఎందుకంటే ఇంటి విలువే తక్కువ. ఇక కాగితాల సంగతి. తాత వీలునామా రాయకుండా పోయాడు, ఏడుగురు పిల్లలు, వాళ్ల పిల్లలు వేర్వేరు రాష్ట్రాల్లో ఉన్నారు, ఇంట్లో ఉంటున్న మనవరాలి పేర ఏ కాగితమూ లేదు. పట్టాదారు పాసు పుస్తకంలో చనిపోయినవారి పేరే ఉన్న కుటుంబాలు మన దగ్గర ఎన్ని లేవు?

ఈ కాగితం లేకపోతే ప్రభుత్వ సహాయం అందడం కష్టం. అమెరికా వ్యవసాయ శాఖ '504 సెక్షన్' కింద గ్రామీణ పేద గృహయజమానులకు 1 శాతం వడ్డీతో 20 ఏళ్ల గడువున్న మరమ్మతు రుణం ఇస్తుంది. 62 ఏళ్లు నిండి, అప్పు తీర్చలేని స్థితిలో ఉన్నవారికి జీవితకాలంలో 10,000 డాలర్ల వరకు గ్రాంటు కూడా ఉంది. మంచి పథకమే. కాని ముందు ఇల్లు తనదని రుజువు చేసుకోవాలి. విపత్తు సహాయం ఇచ్చే కేంద్రసంస్థ 2021లో గాని ఈ నిబంధనను సడలించి, కాగితాలు లేనివారి స్వయం ప్రకటనను అంగీకరించడం మొదలుపెట్టలేదు. ప్రభుత్వం అందని ఈ సందులోకే చర్చి బృందాలు వచ్చాయి.

1969 వేసవి

గ్లెన్ 'టెక్స్' ఎవాన్స్ అనే మెథడిస్టు పాదిరి కెంటకీ కొండల్లో సేవాకేంద్రంలో పనిచేసినవాడు. ఇక్కడి ఇళ్ల పరిస్థితి ఆయనకు బాగా తెలుసు. 1969 వేసవిలో ఆయన 50 మంది యువకులను, పెద్దలను కెంటకీలోని బార్బర్‌విల్ పట్టణానికి తీసుకొచ్చి నాలుగు ఇళ్లు బాగుచేయించాడు. ఇదే 'అపలాచియా సర్వీస్ ప్రాజెక్టు'కు ఆరంభం. ఇప్పుడు దాని ప్రధాన కార్యాలయం టెనెసీలోని జాన్సన్ సిటీలో ఉంది. ఆ సంస్థ తన పనికి పెట్టుకున్న కొలమానం మూడు మాటల్లో చెబుతుంది: ఇల్లు ముందుకన్నా వెచ్చగా, భద్రంగా, పొడిగా ఉండాలి. అందంగా ఉండాలని అందులో లేదు. నాకు ఈ సంస్థలో నచ్చిన సంగతుల్లో ఇది మొదటిది. అందం ఫొటోలో కనిపిస్తుంది, పొడిదనం కనిపించదు.

ఏర్పాటు ఇలా ఉంటుంది. కుటుంబాలు ముందే దరఖాస్తు చేసుకుంటాయి. వేసవికి ముందు సంస్థ సిబ్బంది, వీరిలో ఎక్కువమంది కాలేజీ వయసువారే, ఇంటింటికీ వెళ్లి కప్పు, నేల, గోడలు పరిశీలించి పని ఎంచుకుంటారు. బృందాలు వారాంతంలో వచ్చి పాఠశాల భవనాల్లో నేలమీద పడుకుంటాయి. ఒక్కో ఇంటికి ఐదారుగురు పిల్లలు, ఇద్దరు పెద్దలు. వచ్చినవారు తమ ఖర్చుకు, సామగ్రికి రుసుము చెల్లిస్తారు. దానికోసం ఏడాదంతా చర్చిలో కార్లు కడిగి, భోజనాలు అమ్మి డబ్బు పోగుచేస్తారు. ఇంటివారు ఏమీ చెల్లించరు. ఒక వారంలో పూర్తికాని పనిని మరుసటి వారం వచ్చే బృందం అందుకుంటుంది. అంటే ఒక ఇంటిని వేసవిలో నాలుగైదు ఊళ్ల పిల్లలు వంతులవారీగా బాగుచేయవచ్చు.

పనిలో వరుస

సేవ గురించి రాసేవారు తరచూ మనసు గురించి రాసి, దూలాల సంగతి వదిలేస్తారు. కాబట్టి కాసేపు ఇంటి సంగతే చూద్దాం. ఇక్కడి పాత ఇళ్లు మన పెంకుటిళ్లలాగా మట్టి, రాతి గోడలవి కావు. పొట్టి స్తంభాల మీద చెక్క దూలాలు పరిచి, వాటిమీద పలకలు వేసి, చెక్క చట్రంతో గోడలు నిలబెట్టినవి. ఇంటి అడుగుకూ నేలకూ మధ్య మనిషి పాకుతూ దూరేంత ఖాళీ ఉంటుంది.

ఇటువంటి ఇంటికి ప్రధాన శత్రువు నీరు. అది రెండు దారుల్లో వస్తుంది. పైనుంచి కప్పు కారుతుంది. కింద తడినేల నుంచి ఆవిరి లేచి దూలాలకు చెమ్మ పడుతుంది. కాబట్టి మొదట కప్పు, తరువాతే నేల. కప్పు కారుతుండగా కొత్త నేలపలకలు వేస్తే మూడేళ్లలో అవీ కుళ్లుతాయి. కప్పులో కూడా రేకు మధ్యలో కారడం తక్కువ. పొగగొట్టం, గొట్టాలు కప్పును చీల్చుకుని పైకి వచ్చే చోట, రెండు వాలులు కలిసే చోట కారుతుంది. ఆ కీలుల్లో వంచిన రేకుపట్టీ సరిగా అమర్చకపోతే పైన ఎంత మంచి రేకు వేసినా వృథా.

నేల విషయానికి వస్తే, స్నానాల గదిలో మెత్తబడిన నేల దాదాపు ప్రతి పాత ఇంట్లో కనిపించే జబ్బు. మరుగుదొడ్డి మొదట్లో సన్నగా కారే నీరు ఏళ్లతరబడి దూలాన్ని తినేస్తుంది. దూలాల మధ్య దూరం సాధారణంగా 16 అంగుళాలు. ఒకటి కుళ్లితే మొత్తం పీకనక్కర్లేదు. దాని పక్కనే గట్టి దూలాన్ని జతగా బిగిస్తారు. ఆపైన ఇంటి కింద మట్టిమీద మందపాటి ప్లాస్టిక్ పట్టా పరచి ఆవిరిని ఆపుతారు. ఎవరికీ కనిపించని పని, బురదలో బోర్లా పడుకుని చేయవలసిన పని. పదహారేళ్ల పిల్లలకు మొదట ఇది నచ్చదు. కాని ఇంటి ఆయుష్షు పెంచేది ఇదే.

అన్ని ఇళ్లూ మరమ్మతుకు తగినవి కావు. ఈ ప్రాంతంలో చక్రాలమీద తెచ్చి నిలిపిన, ఫ్యాక్టరీలో తయారైన ఇళ్లు చాలా ఉన్నాయి. వాటి నిర్మాణానికి అమెరికా కేంద్రప్రభుత్వ ప్రమాణాలు అమల్లోకి వచ్చింది 1976 జూన్‌లో. అంతకుముందువాటిలో కొన్నింటికి ఎంత ఖర్చు పెట్టినా ఫలితం ఉండదు. 'ఈ ఇంటికి మేం ఏమీ చేయలేం' అని ఒక వృద్ధురాలి ఎదుట చెప్పడం ఆ కాలేజీ వయసు సిబ్బందికి పడే అతి కష్టమైన పరీక్ష.

భద్రత సంగతి కూడా తెలుసుకోండి. అమెరికా కార్మిక చట్టం 18 ఏళ్లలోపువారిని కప్పుపనిలో, విద్యుత్ వృత్తాకార రంపాల మీద కూలికి పెట్టుకోవడాన్ని నిషేధిస్తుంది. ఈ పిల్లలు కూలీలు కారు. అయినా ప్రమాదం కూలి చీటీ చూసి రాదు కదా. ఏ పని పిల్లలు చేయాలి, ఏది పెద్దలే చేయాలి అనే గీత బృందం బయలుదేరక ముందే గీయాలి.

ఎవరికి మేలు?

ఈ యాత్రలపై విమర్శ కొత్తది కాదు. 1968 ఏప్రిల్‌లో, అంటే ఎవాన్స్ బార్బర్‌విల్‌కు వెళ్లడానికి ఏడాది ముందు, మెక్సికోలో వేసవి సేవకు వచ్చిన అమెరికన్ విద్యార్థుల సమావేశంలో ఇవాన్ ఇలిచ్ అనే కాథలిక్ పాదిరి, ఆలోచనాపరుడు ఒక ప్రసంగం చేశాడు. మీ సదుద్దేశాన్ని మీ దగ్గరే ఉంచుకుని వెనక్కి వెళ్లండి అన్నది ఆ ప్రసంగ సారం. భాష రాదు, పని రాదు, ఇక్కడివారికి మీరు మీ దేశపు సంపన్న జీవనాన్ని ప్రదర్శించడం తప్ప చేయగలిగింది లేదు అని ఆయన వాదన. చాలామంది అధ్యాపకులు దీన్ని సేవ మీద చివరి తీర్పులాగా బోధిస్తారు. నేను అలా బోధించలేదు. ఆయన అడిగిన ప్రశ్న గట్టిది. కాని కారుతున్న కప్పు కింద గిన్నెలు పెట్టుకుని నిద్రపోయే మనిషికి ఆ ప్రశ్న రెండోది.

డబ్బు లెక్క మరింత ఇబ్బంది పెట్టే సంగతి. 1998లో హరికేన్ మిచ్ హోండురాస్‌ను ధ్వంసం చేశాక, కర్ట్ వెర్ బీక్ అనే పరిశోధకుడు అక్కడ కట్టిన ఇళ్లను అధ్యయనం చేసి 2006లో ప్రచురించాడు. కొన్ని ఇళ్లు ఉత్తర అమెరికా నుంచి వచ్చిన స్వల్పకాలిక బృందాలు కట్టినవి, కొన్ని స్థానిక సంస్థ స్థానికులతో కట్టించినవి. ఇళ్లు పొందిన కుటుంబాల జీవితాల్లో రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. బృందాల ప్రయాణానికైన ఖర్చు మాత్రం ఒక ఇంటి ఖర్చుకు ఎన్నో రెట్లు. ఇక వెళ్లివచ్చినవారు తమ జీవితం మారిపోయిందని చెప్పుకున్నా, ఆ తరువాతి సంవత్సరాల్లో వారి ప్రవర్తనలో, దానాల్లో ఆ మార్పు పెద్దగా నిలవలేదు.

ఈ లెక్కను అపలాచియాకు యథాతథంగా అన్వయించవద్దు. బస్సులో వెళ్లే దూరానికి విమానం ఖర్చు లేదు. ఒకే సంస్థ దశాబ్దాలుగా అక్కడే ఉంది. వేసవి ముగిశాక కూడా ఫోన్ చేస్తే పలికే కార్యాలయం ఉంది. ఇది చాలా ముఖ్యమైన తేడా. కాని అడగవలసిన ప్రశ్న అదే: ఆ డబ్బు స్థానిక మేస్త్రీకి ఇస్తే ఎన్ని ఇళ్లు బాగయ్యేవి? ఇచ్చేవారు ఉంటారా? పిల్లలను పంపే చర్చి ఆ పిల్లలు వెళ్లకపోతే అంత డబ్బు పోగుచేస్తుందా? నా అభిప్రాయంలో చేయదు. అందుకే ఈ యాత్రల్లో సగం ఇంటి మరమ్మతు, సగం పిల్లల చదువు అని నిజాయితీగా ఒప్పుకోవడం మంచిది. ఒప్పుకున్నాక, పిల్లల చదువు ఖర్చును ఇంటి యజమాని గౌరవంతో చెల్లించకూడదు.

గౌరవం అన్నాను. 1967లో కెంటకీలోని లెచర్ కౌంటీలో హ్యూ ఓకానర్ అనే కెనడా చిత్రదర్శకుడు ఒక గని కార్మికుడి అద్దె ఇంటిముందు చిత్రీకరిస్తుండగా ఆ స్థలం యజమాని కాల్చి చంపాడు. హత్యకు సమర్థన లేదు. కాని స్థానికుల్లో చాలామంది హంతకుడి పక్షాన నిలబడడం దేశాన్ని కలవరపెట్టింది. ఆ కొన్నేళ్లలో పేదరికాన్ని ఫొటో తీయడానికి వచ్చినవారి సంఖ్య అంత పెరిగింది, కొండవాసులు అంతగా అవమానపడ్డారు. ఎలిజబెత్ బారెట్ అనే స్థానిక దర్శకురాలు ఈ ఘటనపై 2000లో 'స్ట్రేంజర్ విత్ ఎ కెమెరా' అనే డాక్యుమెంటరీ తీసింది. ఈనాడు ప్రతి పిల్లవాడి జేబులోనూ కెమెరా ఉంది. ఇంటివారి అనుమతి లేకుండా లోపలి ఫొటోలు తీయరాదనే నియమం మర్యాద కోసం పెట్టింది అనుకోవద్దు, దాని వెనుక ఈ చరిత్ర ఉంది.

మంచి బృందాలు చేసే ఒక చిన్న పనిని ఇక్కడ చెప్పాలి. మధ్యాహ్నం పని ఆపి, తెచ్చుకున్న రొట్టెలు ఇంటివారితో కలిసి వరండాలో కూర్చుని తింటారు. గంట పని పోతుంది. కాని ఆ గంటలో ఇంటి పెద్దాయన గనిలో తాను చేసిన పని చెబుతాడు, సుత్తి పట్టుకునే పద్ధతి నేర్పుతాడు, చాలాసార్లు ఆయనే అసలైన మేస్త్రీ. ఇచ్చేవారు, పుచ్చుకునేవారు అనే వరస కాసేపు తారుమారవుతుంది.

సహాయం పొందేవారి మాట మొదట వినకపోతే ఏమవుతుందో మన దగ్గరే చూశాను. వరంగల్ వైపు ఒక ఊళ్లో విద్యార్థుల సేవాశిబిరానికి పరిశీలకుడిగా వెళ్లినప్పుడు పిల్లలు ఉత్సాహంగా ఇళ్ల గోడలకు సున్నం వేస్తున్నారు. ఒక అవ్వ వాకిట్లో నిలబడి, "బిడ్డా, గోడకు సున్నమెందుకు, పైనుంచి నీళ్లు కారుతాంటే?" అంది. సున్నం బస్తాలు ముందే వచ్చి ఉన్నాయి, రేకులు రాలేదు. కాబట్టి సున్నమే వేశారు.

మరమ్మతా, కారణమా?

మరింత లోతైన ప్రశ్న ఒకటి మిగిలింది. కప్పు బాగుచేస్తారు సరే, కప్పు బాగుచేసుకోలేని స్థితిని ఎవరు బాగుచేస్తారు? దీనికి 1960ల చరిత్రలోనే ఒక సమాధానం ఉంది. 1964లో బెరియా కాలేజీ తదితర సంస్థల విద్యార్థులు కెంటకీ కొండల్లోని ఒంటిగది పాఠశాలలకు కిటికీలు, గోడలు బాగుచేయడంతో 'అపలాచియన్ వాలంటీర్స్' అనే సంస్థ మొదలైంది. సున్నం వేస్తూ, అద్దాలు బిగిస్తూ ఉన్న ఆ యువకులకు పాఠశాల ఎందుకలా ఉందో తెలిసింది. పన్ను కట్టని బొగ్గు కంపెనీలు, కంపెనీల గుప్పిట్లోని స్థానిక అధికారులు కనిపించారు. రెండుమూడేళ్లలో వారు ఉపరితల తవ్వకాన్ని వ్యతిరేకించే రైతుల పక్కన నిలబడ్డారు. 1967లో పైక్ కౌంటీలో వారిలో కొందరిపై రాజద్రోహం కేసు కూడా పెట్టారు. న్యాయస్థానంలో ఆ చట్టమే చెల్లలేదు. కాని సంస్థకు ప్రభుత్వ నిధులు ఆగి, కొద్దికాలానికే అది మూతపడింది.

అపలాచియా సర్వీస్ ప్రాజెక్టు ఆ దారి పట్టలేదు. ఇంటి పనికే పరిమితమైంది, ఈనాటికీ ఉంది. ఏది సరైన దారి అని పరీక్షలో అడిగితే ఒక్క వాక్యంలో జవాబు రాయవద్దు. మొదటి సంస్థ అసలు ప్రశ్న అడిగింది, బతకలేదు. రెండోది ఆ ప్రశ్న అడగలేదు, వేల ఇళ్లు బాగుచేసింది. అయితే ఏ ప్రశ్నా అడగకుండా కప్పులు మాత్రమే వేస్తూ పోతే పేదరికం వాతావరణం లాంటిదని, ఎవరూ చేసింది కాదని ఆ పిల్లలు అనుకునే ప్రమాదం ఉంది. సాయంత్రపు ప్రార్థన తరువాత అరగంట ఈ బొగ్గు చరిత్ర చెప్పే పెద్దలున్న బృందం, చెప్పని బృందం ఇంటికి తీసుకెళ్లే జ్ఞానం ఒకటి కాదు.

మనవైపు చూస్తే

మూడో దారి కూడా ఉంది. జార్జియా రాష్ట్రంలో 1942లో క్లారెన్స్ జోర్డాన్ స్థాపించిన, నల్లవారు తెల్లవారు కలిసి బతికిన కోయినోనియా అనే వ్యవసాయ సమాజం నుంచి పుట్టిన ఆలోచనతో మిలర్డ్, లిండా ఫుల్లర్ దంపతులు 1976లో 'హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ' స్థాపించారు. ఇక్కడ ఇల్లు ఉచితం కాదు. లాభం లేని రుణంగా ఇస్తారు, కుటుంబం కూడా చెమటోడ్చి పనిచేస్తుంది, తిరిగి కట్టిన వాయిదాలతో మరో ఇల్లు లేస్తుంది. ఈ సంస్థ భారతదేశంలో పని మొదలుపెట్టింది 1983లో, మన ఖమ్మంలో. కష్టపడి తీర్చిన ఇంటిలో తలెత్తుకుని ఉండవచ్చునన్నది ఈ పద్ధతి బలం. వాయిదా కట్టలేని ముసలివారికి ఇది పనికిరాదన్నది బలహీనత. అక్కడే మళ్లీ ఉచిత మరమ్మతు అవసరమవుతుంది.

ఎవాన్స్ బార్బర్‌విల్‌లో ఇళ్లు బాగుచేసిన 1969లోనే, సెప్టెంబరు 24న, గాంధీజీ శతజయంతి సంవత్సరంలో మన జాతీయ సేవా పథకం 37 విశ్వవిద్యాలయాల్లో ప్రారంభమైంది. దత్తత గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం దానిలో భాగం. అదీ వారమే. మన గృహ పథకాలు ప్రధానంగా కొత్త ఇల్లు కట్టించేవి. ఉన్న ఇంటిని నిలబెట్టే పని ఎవరి ఖాతాలోనూ సరిగా పడదు. ఒంటరి వృద్ధుల ఇళ్లలో ఆ లోటు ముందుగా కనిపిస్తుంది.

క్షేత్రకార్యం

సంపర్క తరగతికి వచ్చేముందు ఈ పని చేయండి. మీ వీధిలో వృద్ధులో, నడవలేనివారో ఉన్న ఒక ఇంటికి, వారి అనుమతితో వెళ్లండి. ఫొటో వద్దు. ఇంట్లో మొదట ఏది బాగుచేయాలో మీరు చూసి రాసుకోండి. తరువాత అదే ప్రశ్న ఇంటివారిని అడిగి, వారి మాటల్లోనే రాయండి. రెండు జవాబులూ ఒకటి కాకపోతే ఎందుకో ఒక పేజీ రాయండి. ఆపైన గుమ్మం నేలకు ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలవండి. చక్రాల కుర్చీ వాలుదారికి అంగుళం ఎత్తుకు కనీసం అడుగు పొడవు కావాలి. గుమ్మం 30 అంగుళాల ఎత్తుంటే దారి 30 అడుగులు, పైనా కిందా కుర్చీ తిప్పుకోవడానికి ఐదేసి అడుగుల చదునైన జాగా అదనం. అంత పొడవు మీ వీధిలో నేరుగా పట్టదు. దాన్ని ఎక్కడ మలుపు తిప్పుతారో, మలుపు దగ్గర ఎంత చదును వదులుతారో గీసి, కొలతలు వేసి తీసుకురండి.